భాష వెనుకనున్న బ్రదుకు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగము)



పరభాషాభ్యాసమును గూర్చి నన్ను మాటలాడుమని కోరినారు. ఈ ప్రాంతపు జనులకు ఇది క్రొత్త విషయము కాదు. 1953 అక్టోబరు 1వ తేదీ వచ్చువరకు మన ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలోనిదే. నేటికిని ఆదోని ప్రత్తి బజారులో ఒక గడియ నిలిచినచో తెలుగు, కన్నడము, ఉర్దూ మూడును చెవినిబడును. వానిని మాటలాడువారిలో ఎక్కువమంది బడిలో నేర్చినవారు కారు.

నా చిన్ననాట మా నాయనగారితో సిరుగుప్ప దగ్గరి పల్లెలో వారి స్నేహితుల యింటికి పోయితిని. అప్పుడు మా చేనిలో బావి త్రవ్వుచున్నారు. ఆ యింటి అవ్వ "ఊట ఆయితా?" అని నన్నడిగినది. బావిలో ఊట పడినదా యని యడుగుచున్నదనుకొని, "ఇంగా బండే పడతాంది అవ్వా" అంటిని. కన్నడములో ఊట యనగా భోజనము! ఆమె నవ్వి నవ్వి, జొన్నరొట్టె పెట్టినది.

ఆ తప్పు ఒక్క దినముతో దిద్దుబాటైనది. ఏలయనగా మాట వేరైనను బ్రదుకు ఒక్కటియే. ఇంటికి వచ్చినవానిని ముందుగా తిండిని గూర్చి యడుగుట అక్కడను కలదు, ఇక్కడను కలదు. సెలవు పుచ్చుకొనునపుడు వారు "హోగి బర్తీని" అందురు, మనము "పోయి వస్తా" నందుము. వట్టి "పోతాను" అనుట ఇరువురికిని అశుభమే.

ఆంగ్లము సంగతి అట్లు కాదు. మన పిల్లవాడు ఆ మాటనే మక్కికిమక్కి మార్చి "ఐ విల్ గో అండ్ కమ్" అనినచో, వినిన ఆంగ్లేయుడు వీడు మరల వచ్చునని కాచుకొని కూర్చుండును. వారు ఆదరముతో చేయు స్వాగతమును "వార్మ్ వెల్‌కమ్" అందురు. దానిని వెచ్చని స్వాగతమని మనవారును వ్రాయుచున్నారు. మే నెలలో ఆదోని కొండ క్రింద నిలిచినవానికి వెచ్చని స్వాగతమేమి? మన అవ్వలు "చల్లగా ఉండు నాయనా" అని దీవింతురు. చలిదేశమువారికి వెచ్చదనము ప్రేమ, మనకు చల్లదనము ప్రేమ. నిఘంటువు రెండు మాటలకును అర్థము చెప్పును గాని ఈ మర్మమును చెప్పదు. ఎమ్మిగనూరులో "సొసైటీ" యనిన 1938లో మాచాని సోమప్పగారు స్థాపించిన చేనేత సహకార సంఘము, నూలు, కూలి జ్ఞప్తికి వచ్చును. ఆంగ్ల నవలలో అదే మాటకు ధనికుల విందులని యర్థము కావచ్చును.

ఈ కష్టమును ఎదురువైపునుండి పడినవాడు ఛార్లెస్ ఫిలిప్ బ్రౌను. 1817లో మద్రాసు చేరి, కాలేజీలో తెలుగు చదివి, 1820లో కడపకు ఉద్యోగియై వచ్చెను. పరీక్షకు చాలిన తెలుగు ఆయనకు చాలలేదు. వేమన పద్యములను సేకరించి 1829లో ఆంగ్లానువాదముతో అచ్చువేయించెను. సొంత ధనమిచ్చి పండితులచే కావ్యములకు వ్యాఖ్యలు వ్రాయించెను. నాకు ముచ్చట గొలుపునది మఱియొకటి. కచేరీలలో జనులు వాడు పారసీ, ఉర్దూ మాటలను త్రోసివేయక, వానికి వేరుగా మిశ్రభాషా నిఘంటువు కూర్చెను. కావ్యమును, కచేరియు రెండును తెలుగువారి బ్రదుకే యని ఆయన యెఱిగెను. కడపలో ఆయన బంగళా యుండిన తావున నేడు ఆయన పేర గ్రంథాలయమున్నది.

ఇక మన గ్రంథాలయము. ఇచ్చట ఇంగ్లీషు వ్యాకరణములు అట్టలూడిపోవునంతగా చేతులు మారుచున్నవి. ప్రక్క బీరువాలోని ఆంగ్ల కథల పుస్తకములు మాత్రము కొన్ననాటివలెనే యున్నవి. మొన్న పట్నములో ఉద్యోగపు ఇంటర్వ్యూకు పోయి వచ్చిన మన యూరి కుఱ్ఱవాడొకడు, "మాటలన్నీ తెలుసు సార్, ఎప్పుడేమనాలో తెలియలేదు" అని కన్నీరు పెట్టుకొన్నాడు. వాడు మూడు వ్యాకరణములు చదివినవాడు.

కార్యవర్గమువారికి నా మనవి యొక్కటి. ఆదివారము సాయంకాలము ఒక గంట ఈ హాలు ఇప్పింపుడు. ఒక ఆంగ్ల కథ చదివి, అందలివారేమి తినుచున్నారో, ఎవరినెట్లు పిలుచుచున్నారో, దేనికి నొచ్చుకొనుచున్నారో తెలుగులోనే మాటలాడుకొందము. మొదటి ఆదివారమునకు కథ నేను తెచ్చెదను.