బేతాళుడూ బీరువా తాళమూ
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)



మన బడి గ్రంథాలయం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు సంఘం వాళ్ళు. గ్రంథాలయం అంటే మరీ పెద్ద మాట. మన రోజుల్లో అది స్టాఫ్ రూములో గోడకి ఆనించిన ఒక చెక్క బీరువా. కొల్లేరు పొంగిన ఏడు కింది అర తడవకుండా బీరువాని ఇటుకల మీదికి ఎత్తేవాళ్ళం. లంకల నుంచి దోనెల్లో వచ్చే పిల్లలకి పుస్తకం ఇచ్చేటప్పుడు మాస్టారు ముందు అడిగేది ఒకటే: "గుడ్డ సంచీ తెచ్చావా?"

ఆ బీరువాలో బాగా నలిగిపోయినవి చందమామ బైండు పుస్తకాలు. తెలుగు మాస్టారు తన ఇంట్లోవి తెచ్చి, కుట్టించి పెట్టారు. బేతాళ కథలు, దాసరి సుబ్రహ్మణ్యం గారి తోకచుక్క, మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, వాటికి చిత్రా గారి బొమ్మలు. నా తరం వాళ్ళకి ఇంతకంటే చెప్పక్కర్లేదు.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా ఆ బీరువాకి తాళం పడింది. ఎందుకు పడిందో ఇక్కడ చాలామందికి తెలియదు.

నా బెంచీ నేస్తం నాన్నగారు సంఘపెద్ద. ఒకరోజు బైండు పుస్తకం చేత్తో పట్టుకుని బడికి వచ్చారు. "మా వాడికి మంత్రగాళ్ళ కథలు ఇవ్వకండి మాస్టారూ. వాక్యం ఒప్పుకోదండి" అని, బైబిలు తెరిచి ద్వితీయోపదేశకాండం 18వ అధ్యాయం చూపించారు. శకునాలు, చిల్లంగితనం, కర్ణపిశాచాలతో మాట్లాడటం కూడదని అందులో ఉంది. అదే వారంలో మా వీధి మామ్మగారు మనవణ్ణి రెక్క పట్టుకుని తీసుకొచ్చారు. "సంధ్యవేళ ఇంట్లో బేతాళుడి పేరు చదువుతున్నాడు నాయనా. శ్మశానంలో ఉండేదాన్ని నట్టింట్లోకి పిలుస్తారా?" అని. మతాలు వేరు, పుస్తకం ఒకటే, భయమూ ఒకటే. హెడ్మాస్టారు గొడవెందుకని తాళం వేయించారు.

మాకు ఒళ్ళు మండింది. పెద్దింట్లమ్మ జాతరకి వచ్చిన ప్రతివాళ్ళకీ ఈ ఊళ్ళో ఒక కథ చెబుతారు. కొల్లేటికోట చుట్టూ నీళ్ళుంటే శత్రువు లోపలికి రాలేకపోయాడనీ, ఆ నీళ్ళు సముద్రంలోకి పోవడానికి కాలువ తవ్వించి, పని నెరవేరడానికి కన్నకూతుర్నే బలిచ్చాడనీ, అందుకే దానికి పేరంటాల కనమ అని పేరొచ్చిందనీ. ఆ కథ వినేటప్పుడు మా చెవులు ఎవరూ మూయలేదు. మరి పుస్తకంలో ఉంటేనే తప్పా?

తాళం వేశాక తెలుగు మాస్టారు ఆ ఇద్దరి ఇళ్ళకీ వెళ్ళారు. సంఘపెద్ద గారింటికి వెళ్ళినప్పుడు పుస్తకం మొయ్యడానికి నన్నూ తీసుకెళ్ళారు. అక్కడ విన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. "మా పెద్దవాడికి జ్వరం వస్తే చేతబడి అన్నాడండి ఒకడు. తాయెత్తులు కట్టాడు, కోళ్ళు కోయించాడు. ఏలూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళేసరికి చెయ్యి దాటిపోయింది. మీ పిల్లలకి కథలో మంత్రగాడు సరదా. మా ఇంటికొచ్చినోడు సరదా కాదండి."

మాస్టారు వాదించలేదు. కాసేపు ఊరుకుని, దశకుమారచరిత్రలో మంత్రగుప్తుడి కథ చెప్పారు. దండి సంస్కృతంలో రాసిన ఆ పుస్తకాన్ని 13వ శతాబ్దంలో కేతన తెలుగు చేశాడు. అందులో ఒక ఆంధ్ర రాజు కళింగ రాజునీ, అతని కూతుర్నీ చెరబడతాడు. ఆమెను పెళ్ళాడదామంటే యక్షుడు పట్టాడని పుకారు. మంత్రగుప్తుడు సన్యాసి వేషంలో వచ్చి, నేను మంత్రించిన సరస్సులో అర్ధరాత్రి మునిగితే కొత్త శరీరం వస్తుందంటాడు. రాజు నమ్మి దిగుతాడు. లోపల దాక్కున్న మంత్రగుప్తుడు అతణ్ణి చంపి, తానే కొత్త శరీరంతో వచ్చిన రాజునని పైకి తేలతాడు. ఆ సరస్సు మన కొల్లేరేనని కొందరు పండితులు అంటారు. "మంత్రాన్ని నమ్మినవాడు మునిగాడు. మంత్రం ఎలా కడతారో తెలిసినవాడు తేలాడు. పిల్లలకి నేను నేర్పాలనుకునేది ఆ రెండోదే" అన్నారు మాస్టారు.

సంఘపెద్ద గారు ఒప్పుకున్నారని చెబితే కథ అందంగా ఉంటుంది. ఆయన ఒప్పుకోలేదు. "మీ మాట మీది. మా వాడికి మాత్రం వద్దండి" అన్నారు. మాస్టారు సరేనన్నారు. ఒక నోటుపుస్తకం పెట్టి, ఏ పుస్తకం తమ పిల్లవాడికి వద్దో తల్లిదండ్రులు అందులో రాసి సంతకం పెట్టొచ్చన్నారు. సంఘపెద్ద గారు సంతకం పెట్టారు, మామ్మగారు వేలిముద్ర వేశారు. బీరువా తెరుచుకుంది. వద్దన్న ఇంటి మాట చెల్లింది, మిగతా పిల్లల పుస్తకం మిగిలింది.

ఇప్పుడు నా తప్పు చెప్పుకోవాలి. నేనూ మాస్టారినయ్యాను. 2000 దాటాక పట్నంలో ఒక బడిలో లైబ్రరీ నా చేతికిచ్చారు. హ్యారీ పోటర్ అప్పుడే పిల్లల్లోకి వచ్చింది. ఒక తండ్రి వచ్చి, ఇది పిల్లలకి క్షుద్రవిద్య నేర్పుతుందన్నాడు. నేను ఆయన్ని కూర్చోబెట్టి ఎందుకని అడగలేదు. పుస్తకం చదవనూ లేదు. ఎవరికీ చెప్పకుండా తీసి నా సొరుగులో పెట్టేశాను. వారం తర్వాత ఏడో తరగతి అమ్మాయి వచ్చి, "ఆ పుస్తకం ఏం తప్పు చేసింది సార్?" అంది. చిరిగిపోయిందమ్మా అని అబద్ధం చెప్పాను. మన మాస్టారి శిష్యుణ్ణయి ఉండి ఆ పని చేశాను.

ఇది మన ఒక్కరి గొడవ కాదు. 2000 నుంచి 2009 వరకు అమెరికా గ్రంథాలయాల్లో అభ్యంతరాలు ఎక్కువగా వచ్చిన పుస్తకాల జాబితాలో హ్యారీ పోటర్‌దే మొదటి స్థానం అని అక్కడి గ్రంథాలయ సంఘం లెక్క. ఆర్కాన్సా రాష్ట్రంలో సీడర్‌విల్ అనే చిన్న ఊళ్ళో ఒక తల్లి అభ్యంతరం చెబితే, 15 మంది కమిటీ చదివి ఉంచమంది. స్కూలు బోర్డు మాత్రం 3-2 ఓట్లతో, తల్లిదండ్రుల సంతకం ఉంటేనే ఇవ్వమంది. 2003లో కోర్టు ఆ షరతు కొట్టేసి, పుస్తకాలు మళ్ళీ అరల్లో పెట్టించింది. గమనించారా? అక్కడి బోర్డు కావాలన్నవాళ్ళని సంతకం పెట్టమంది. మన మాస్టారు వద్దన్నవాళ్ళని పెట్టమన్నారు. తేడా అంతా అందులోనే ఉంది.

చందమామను 1952 నుంచి 1980లో కన్నుమూసేవరకూ నడిపిన కొడవటిగంటి కుటుంబరావు గారు హేతువాది. మూఢనమ్మకాల మీద జీవితమంతా పోరాడిన వీరేశలింగం గారు సత్యరాజా పూర్వదేశయాత్రలు రాశారు. దయ్యాల్ని నమ్మనివాళ్ళే మనకి మాయల కథలు పెట్టారు. అటు తిరిగితే నార్నియా రాసిన లూయిస్, హాబిట్ రాసిన టోల్కీన్ గట్టి క్రైస్తవ విశ్వాసులు. కాబట్టి ఇది నమ్మినవాళ్ళకీ నమ్మనివాళ్ళకీ జగడం కాదు. పిల్లలు కథని కథగా చదవగలరన్న ధీమా మనకుందా లేదా, అదీ సంగతి.

నా బెంచీ నేస్తం మూడో వరుసలో కూర్చున్నాడు. నిన్న రాత్రి అడిగాను, మీ నాన్న మీద కోపం ఉందా అని. "లేదురా. అన్నయ్యని పోగొట్టుకున్న మనిషి ఆయన. కానీ నా కోసం ఆయన అందరి బీరువాకీ తాళం వేయించి ఉంటే, మీ మొహం చూడలేకపోయేవాణ్ణి" అన్నాడు.

స్వర్ణోత్సవ నిధితో బడికి పుస్తకాలు కొంటామని సంఘం తీర్మానించింది. సంతోషం. నాదొక్క కోరిక. పుస్తకాలతో పాటు ఆ నోటుపుస్తకం కూడా మళ్ళీ పెట్టండి. ఏ తల్లిదండ్రులైనా తమ బిడ్డకి వద్దంటే గౌరవించండి. అందరికీ వద్దంటే మాత్రం ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు, పెద్ద తరగతుల పిల్లలు కూర్చుని, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివాకే మాట్లాడండి. అంతకంటే ముందు, వచ్చినవాళ్ళని కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి, ఎందుకని అడగండి.

నా వంతుగా రెండు తెచ్చాను. చందమామ బైండు ఒకటి. నా సొరుగులో దాచిన హ్యారీ పోటర్ ఒకటి. ఉద్యోగ విరమణ రోజు సొరుగు ఖాళీ చేస్తుంటే అది అక్కడే ఉంది. ఆ బడికి కొత్త ప్రతి కొనిచ్చి, దీన్ని ఇక్కడికి తెచ్చాను. ఒక్క పేజీ కూడా చిరగలేదు.

సెలవు.