సొంతంగా కట్టిన విమానం – పారాచూట్ ప్రశ్న
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నాకు పది నిమిషాలు ఇచ్చారు. "అమెరికా ఉద్యోగాల సంగతి అందరూ చెప్తారు, నువ్వు నీ విమానం సంగతి చెప్పు" అన్నారు. నిన్న రాత్రి భోజనాల దగ్గర ఆ మాట చెవిన పడగానే మా లెక్కల మాస్టారు అడిగిన మొదటి ప్రశ్న, "పారాచూట్ కట్టుకుంటావట్రా?" అని. మా ఆవిడ కూడా ఏడాదిగా అదే అడుగుతోంది. కాబట్టి ఈ పది నిమిషాలూ ఆ ఒక్క ప్రశ్నకే.

నేను ఉండేది ఒహాయో రాష్ట్రంలో డేటన్ దగ్గర. రైట్ సోదరుల ఊరు అది. ఆరేళ్ళుగా సెలవు రోజుల్లో రెండు సీట్ల విమానం ఒకటి కడుతున్నాను. పనిలో సగానికి మించి స్వయంగా, నేర్చుకోవడానికో సరదాకో చేసినట్టయితే అక్కడి చట్టం ఇందుకు ఒప్పుకుంటుంది. పని పూర్తయ్యాక తనిఖీ ఉంటుంది. ఆ తర్వాత సాధారణంగా 25 గంటలో 40 గంటలో, ఇంజను, ప్రొపెల్లరు జతను బట్టి, ప్రయాణికులు లేకుండా ఎగిరి పరీక్షించాలి. నా విమానం వచ్చే వేసవికి ఆ దశకు వస్తుంది.

చట్టం ఏమంటుందో ముందు చెప్తాను. ఒంటరిగా ఎగిరేవాడు పారాచూట్ కట్టుకు తీరాలని అమెరికా చట్టం అనదు. ప్రయాణికుణ్ణి ఎక్కించుకుని విమానాన్ని 60 డిగ్రీలు మించి పక్కకు వంచినా, ముక్కును 30 డిగ్రీలు మించి పైకో కిందికో తిప్పినా, లోపలున్న అందరికీ పారాచూట్ ఉండాలి. నైలాన్ పారాచూట్ అయితే, లైసెన్సున్న మనిషి గత 180 రోజుల్లో మడిచినదై ఉండాలి. మిగతాదంతా మన విచక్షణే.

వద్దనేవాళ్ళ వాదన తేలిగ్గా తీసేసేది కాదు. అమెరికా రవాణా భద్రతా బోర్డు 2012లో ఇలాంటి విమానాల మీద ఒక అధ్యయనం ప్రచురించింది. ఎక్కువ ప్రమాదాలకు కారణం ఇంజను ఆగిపోవడం, గాలిలో అదుపు తప్పడం అని అందులో తేలింది. ఇంజను ఆగితే దూకనక్కర్లేదు, చదునైన పొలం చూసుకుని జారుకుంటూ దిగవచ్చు. అదుపు తప్పడమేమో చాలాసార్లు నేలకు దగ్గరలోనే జరుగుతుంది.

మాస్టారూ, ఇక్కడ మీ లెక్క ఒకటి వేస్తాను. సుడి తిరుగుతూ పడే చిన్న విమానం నిమిషానికి 6,000 అడుగులు దిగుతోందనుకుందాం. అంటే క్షణానికి 100 అడుగులు. "ఇక లాభం లేదు" అని నిర్ణయించుకోవడానికి, పైకప్పు తెరవడానికి, బెల్టు విప్పి బయట పడడానికి పది క్షణాలు పడితే వెయ్యి అడుగులు పోయినట్టే. పారాచూట్ విచ్చుకోవడానికి ఇంకో రెండు మూడు క్షణాలు కావాలి. వెయ్యి అడుగుల్లో కష్టం మొదలైన వాడికి వీపున ఉన్నది బరువే.

గాయకుడు జాన్ డెన్వర్ 1997 అక్టోబరులో కాలిఫోర్నియా తీరాన అలాగే పోయాడు. వేరొకరు కట్టిన విమానాన్ని అప్పుడే కొన్నాడు. ఇంధనం ట్యాంకు మార్చే వాల్వు ఎడమ భుజం వెనక ఉంది. దాన్ని తిప్పే ప్రయత్నంలో దృష్టి మళ్ళి అదుపు తప్పిందని దర్యాప్తు తేల్చింది. ఉన్నది కొన్ని వందల అడుగుల ఎత్తు. అక్కడ కావలసింది పారాచూట్ కాదు, చేతికందే చోట వాల్వు.

ఇక రెండో వైపు. 1922 అక్టోబరులో మా డేటన్ మీదే హెరాల్డ్ హ్యారిస్ అనే సైనిక పైలట్ విమానం గాలిలో భయంకరంగా అదిరిపోయింది. ఆయన దూకి, పారాచూట్‌తో ఒక ఇంటి ద్రాక్షపందిరి మీద దిగాడు. పారాచూట్ వల్ల బతికిన పైలట్ల సంఘానికి గొంగళిపురుగు పేరు పెట్టుకున్నారు, అప్పటి పారాచూట్లు పట్టువి కాబట్టి.

స్టీవ్ విట్‌మన్ పేరు చిన్న విమానాల లోకంలో తెలియనివారు లేరు. సొంత విమానాల వాళ్ళు ఏటా కలిసే ఆష్‌కాష్ విమానాశ్రయానికి ఆయన పేరే ఉంది. 91 ఏళ్ళ వయసులో, 1995లో, తాను కట్టిన విమానంలోనే భార్యతో వెళ్తూ పోయారు. రెక్కకు అంటించిన గుడ్డ ఊడి, రెక్క అదిరి, విమానం గాలిలోనే విడిపోయింది. పారాచూట్ ఉంటే బతికేవారని నేను అనను. కానీ పారాచూట్‌కు పని పడేది అలాంటి ప్రమాదంలోనే. ఎంత అనుభవజ్ఞుడు కట్టినా అతుకు ఊడదని హామీ లేదు. నా రెక్కల్లో వేల రివెట్లున్నాయి, అన్నీ నేను కొట్టినవే. గాలి వాటిని ఇంకా పరీక్షించలేదు.

చార్లెస్ లిండ్‌బర్గ్ 1925, 1926లలో నాలుగుసార్లు పారాచూట్‌తో దూకి బతికాడు. అదే మనిషి 1927లో న్యూయార్క్ నుంచి ప్యారిస్‌కు ఒంటరిగా ఎగిరినప్పుడు బరువు తగ్గించడానికి దాన్ని వదిలేశాడు. పారాచూట్ మీద నమ్మకం పోయి కాదు. సముద్రం మధ్యలో దూకితే ఒరిగేదేమిటని, ఆ బరువును పెట్రోలుకు ఇచ్చాడు. నాకు అర్థమైనది ఇదే: పారాచూట్ మంచిదా కాదా అనేది ప్రశ్న కాదు. ఈ రోజు ఎగిరే ఎగరడంలో ఏ ప్రమాదం దగ్గరగా ఉందన్నదే ప్రశ్న.

అందుకని నా నిర్ణయం చెప్తాను. పరీక్షా దశ అంతా కట్టుకుంటాను. కొత్త విమానం ఏ వేగం దగ్గర అదురుతుందో, ఎలా సుడిలో పడుతుందో తెలుసుకునే రోజులవి. ఆ పరీక్షలు 5,000 అడుగుల పైనే చేస్తాను. 3,000 అడుగులకు దిగేసరికి అదుపులోకి రాకపోతే దూకడమే. ఆ అంకెను నేల మీదే నిర్ణయించుకోవాలి, గాలిలో వాదన పెట్టుకోకూడదు. దూకడం కూడా అలవాటు కావాలి. హ్యారిస్ ఆ కంగారులో తాడు బదులు కాలి పట్టీని లాగాడట. నేను షెడ్డులో సీటులో కూర్చుని హెడ్‌సెట్, బెల్టు, పైకప్పు, రెక్క అని వరసగా బయటికి వస్తూ గడియారం చూసుకుంటున్నాను.

ఆ గంటలు పూర్తయ్యాక మా ఆవిడ ఎక్కుతానంది. అప్పుడు గిరికీలుండవు. నాకు పారాచూట్ ఉండి తనకు లేకపోవడం మాత్రం జరగదు. ఇద్దరికీ ఉండాలి, లేదా ఇద్దరికీ వద్దు. తను కూడా షెడ్డులో ఆ పది క్షణాల పాఠం నేర్చుకుంటే రెండోది కొంటాను. లేకపోతే, ఎత్తు, మంచి వాతావరణం, చుట్టూ పొలాలు చూసుకుని ఎగరడమే మా ఇద్దరి రక్షణ.

భయపడమని కాదు, లెక్క చూసుకోమని నేర్పిన బడి ఇది.