పాత గిటారునకు క్రొత్త పికప్పులు
(పాఠశాల వార్షికోత్సవ సభలో ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగము)



వార్షికోత్సవమునాడు ప్రధానోపాధ్యాయుడు పరీక్షాఫలితములను గూర్చియో క్రమశిక్షణను గూర్చియో మాటలాడుట వాడుక. ఫలితములు నివేదికలో అచ్చుపడినవి. వానిని మరల చదువను. నేడు నేను మాటలాడదలచినది ఈ బల్లపైనున్న విద్యుత్ గిటారును గూర్చి. దీనికి క్రొత్త పికప్పులు కొనుటకు సంఘమువారు ద్రవ్యము మంజూరు చేసినారు. అది యింకను వ్యయము కాలేదు. వ్యయమగుటకు ముందే, ఏవి కొనవలెను, అవియే యెందులకు కొనవలెను అను సంగతి దాతల యెదుట చెప్పుట న్యాయమని నాకు తోచినది. మన కోరమండలులో చందా యిచ్చువారు ధనికులు కారు. 2001 ఫిబ్రవరి 28వ తేదీన గనులు మూతపడిన తరువాత ఎన్నో యిండ్లవారు తెల్లవారకమునుపే మారికుప్పములో రైలెక్కి బెంగళూరునకు పనికి పోవలసివచ్చినది. అట్టివారి సొమ్ముతో కొను వస్తువును ఒక్క పర్యాయమే కొనగలము. వచ్చే యేడు మరల అడుగుటకు నాకు మొగము చెల్లదు.

ఈ గిటారు ఒక పూర్వవిద్యార్థి యిచ్చినది. కొయ్య గట్టిది. మెడ వంగలేదు. మెట్లు అరిగిపోలేదు. దీనికి మూడు పికప్పులు కలవు; మూడును మూగవోయినవి. పిల్లలు వెంటనే క్రొత్తవి కావలెననిరి. ముందుగా పరీక్షింపుడని నేనంటిని. గనులలో పనిచేసి విరమించిన విద్యుత్కార్మికులొకరు దయతో మల్టీమీటరు పట్టుకొని వచ్చిరి. జాకు, మీట, వాల్యూము గుండీ వరుసగా చూచిన పిమ్మట జాకువద్ద టంకము విడిపోయి యున్నట్లు తెలిసినది. అది అతికినంతనే ఒక పికప్పు బలహీనముగనైనను పలికినది. తక్కిన రెండింట మీటరు ఏ దారియు చూపలేదు. లోపలి తీగ తెగినదన్నమాట. ఈ పరీక్షకు పట్టినది అరగంట. దుకాణమునకు పోవుటకు ముందు ఈ అరగంట వినియోగింపని వారి సొమ్ము వృథాయగుటకు ఎంతో అవకాశము కలదు.

పికప్పు అననేమి? 1831లో మైకేల్ ఫారడే కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణమును పదవ తరగతివారు చదివియేయున్నారు. తీగచుట్టలో అయస్కాంత క్షేత్రము మారినచో ఆ తీగలో విద్యుత్తు పుట్టును. ఈ సూత్రము మన యూరికి క్రొత్త కాదు. 1902లో కావేరీనదిపై శివనసముద్రమున పుట్టిన విద్యుత్తు సుమారు 92 మైళ్ళు తీగలపై నడచి మన గనులకు వచ్చినది. బెంగళూరు వీధులలో విద్యుద్దీపములు వెలిగినది 1905లో; ఆ విషయమున రాజధానికన్న మనమే పెద్దలము. అచ్చట నీటివడి మహాయంత్రమును త్రిప్పినది. ఇచ్చట బాలుని వ్రేలు ఒక తంత్రిని మీటును. అచ్చట వేల ఓల్టులు. ఇచ్చట ఓల్టులో ఏ పదియవవంతో. సూత్రమొక్కటే.

పికప్పులో ఆరు చిన్న అయస్కాంతపు కడ్డీలు, వానిచుట్టు ఏడెనిమిదివేల చుట్లు రాగితీగ ఉండును. ఆ తీగ మందము మిల్లీమీటరులో నూటికి ఆరు వంతులు, తలవెండ్రుక వంటిది. పైనున్న ఉక్కుతంత్రి కదలినపుడు క్షేత్రము కదలును, చుట్టలో సన్నని విద్యుత్తు పుట్టును, దానిని ఆంప్లిఫయరు పెద్దది చేయును. నైలాను తంత్రికి ఈ పరికరము చెవిటిదే.

రాబర్ట్‌సన్‌పేటలో మోటార్లకు తీగచుట్టువారున్నారుగదా, వారిచేత చుట్టింపరాదా అని సంఘ సభ్యులొకరు అడిగిరి. మంచి ప్రశ్న. చుట్టింపవచ్చును, కాని యింత సన్నని తీగను తెగకుండ చుట్టుటకు వేరు యంత్రము, వేరు చేతివాటము కావలెను. పైగా మన పికప్పులలో కడ్డీలు త్రుప్పుపట్టినవి, చట్రములు పగిలినవి. కావున క్రొత్తవి కొనుటయే మేలు.

ఇక ఏవి కొనవలెనను ప్రశ్న. దీనికి రొదను గూర్చి కొంత చెప్పవలసియున్నది. ఈ సభాభవనమందలి ట్యూబులైట్లు, పంకాలు, గోడలలోని తీగలు అన్నియు సెకనుకు 50 ఆవృత్తుల విద్యుత్తుతో నడచుచున్నవి. వానినుండి వెలువడు క్షేత్రమును గూడ పికప్పు తంత్రినాదమువలెనే గ్రహించి, గుంయిమని రొద చేయును. 1930 దశాబ్దపు ఆరంభమున అమెరికాలో జార్జి బీచమ్ తొలి విద్యుత్ గిటారు పికప్పును రూపొందించినప్పటినుండియు, ఆయనకు 1937లో పేటెంటు లభించిన తరువాతను ఈ బాధ ఉండెను. 1955లో గిబ్సన్ సంస్థలోని సెత్ లవర్ అను ఇంజనీరు దీనికొక యుక్తి పన్నెను. ఒక చుట్టకు మారుగా రెండు చుట్టలను ప్రక్కప్రక్కన నుంచి, తీగ దిశను తారుమారు చేసి, అయస్కాంత ధ్రువములను గూడ తారుమారు చేసెను. బయటి రొద రెండింట ఎదురెదురుగా పుట్టి రద్దగును. తంత్రినాదమున్ననో రెండు తారుమారులచే మరల ఒకే దిశకు వచ్చి కలియును. ఋణసంఖ్యను ఋణసంఖ్యచే గుణించినచో ధనసంఖ్య వచ్చుట వంటిదే యిది. దీనికి హంబకరని పేరు.

అట్లయిన మూడును హంబకరులే కొనిన సరిపోవునుగదా అని మీరనవచ్చును. సరిపోదు. రెండు చుట్టలు కలిసినపుడు నాదము దళసరియగును, సన్నని మెరుపు కొంత తగ్గును. ఒక్క చుట్ట పికప్పు స్పష్టముగా, గంటవలె పలుకును. అయితే రొద దానికి తోబుట్టువు. స్థానము కూడ ముఖ్యమే. వీణ నేర్చిన బాలికలకు ఇది తెలియును: గుఱ్ఱపు సమీపమున మీటిన నాదము కఱకు, లోపలికి వచ్చి మీటిన మెత్తన. పికప్పు విషయమున వినుచోటు అట్టిది. మెడ దగ్గరిది గుండ్రముగా, గుఱ్ఱము దగ్గరిది పదునుగా వినును.

ఇచ్చట మఱియొక మాట. తెలుగు బడిలో ఈ పాశ్చాత్య వాద్యమెందులకని కొందరు తల్లిదండ్రులు నన్నడిగినారు. వారి కోపమునకు నేను చిన్నబుచ్చుకొనలేదు. ఫిడేలును కర్ణాటక సంగీతమునకు తెచ్చిన బాలుస్వామి దీక్షితులవారిని తలచుకొనిన చాలును. నేడు ఫిడేలు లేని కచ్చేరి అరుదు. అంతకన్న దగ్గరి సాక్ష్యము పశ్చిమగోదావరి జిల్లా పాలకొల్లున 1969లో జన్మించిన మాండలిన్ శ్రీనివాస్‌గారు. మాండలిన్ నాదము మీటినంతనే ఆరిపోవును. దాని జంటతంత్రులపై గమకము పలుకుట దుర్ఘటము. ఆయన జంటలు విడిచి ఐదు ఒంటి తంత్రులు కట్టి, విద్యుత్ మాండలిన్‌ను చేపట్టెను. నాదము నిలిచినది, గమకము సాగినది. 2014లో నలుబదియైదేండ్లకే వారు గతించినారు గాని, విద్యుత్ వాద్యముపై రాగము నిలుచునా అను ప్రశ్నకు వారి వాదనమే సమాధానము. మన పిల్లలు వారంతటివారగుదురని నేననుట లేదు. తోడిరాగ గాంధారమును గిటారుపై లాగి చూడనిండు, అంతియే.

ఆ లాగుటయందే మన యెంపికకు కీలకమున్నది. ఈ ఒక్క గిటారు ఉదయ ప్రార్థనకు, దేశభక్తి గీతములకు, నవంబరు 1న రాజ్యోత్సవమునాడు కన్నడ గీతములకు, సినిమాపాటలకు, సంగీతపు తరగతిలో వర్ణములకు పనికిరావలెను. గమకమునకై తంత్రిని ప్రక్కకు లాగినపుడు అది కడ్డీ తలమీదనుండి జరిగి, రెండు కడ్డీల నడుమకు వచ్చును. అప్పుడు నాదము కొంత తగ్గుట కలదు. పాశ్చాత్యగీతము వాయించువారికి ఇది చిన్న దోషము. మనకు గాంధారము నడుమ గొంతు బొంగురుపోయినట్లు! దీనికి విరుగుడుగా ఆరు కడ్డీలకు బదులు ఈ కొననుండి ఆ కొనవరకు పట్టీవలె సాగిన ఉక్కు బిళ్ళలు గల హంబకరులు దొరకుచున్నవి. తంత్రి ఎచ్చటికి జరిగినను క్రింద ఉక్కు ఉండును. అందులోను ఒక్క చుట్ట పికప్పు వెడల్పుననే రెండు సన్నని పట్టీలు ఇమిడ్చినవి కలవు; వానికై కొయ్యను చెక్కనక్కరలేదు. పెద్ద హంబకరు పెట్టవలెనన్న ఉలితో గాడిని పెద్దది చేయవలెను. బడి పిల్లల చేతికి ఉలి ఇచ్చి, దాత యిచ్చిన గిటారును గాయపరచుటకు నేనొప్పుకొనను.

కావున నా నిర్ణయమిది: గుఱ్ఱము దగ్గర పట్టీల హంబకరు, నడుమను, మెడ దగ్గరను ఒక్క చుట్ట పికప్పులు. నడిమిది చుట్టు దిశయు ధ్రువమును తారుమారైనదిగా ఉండవలెను. అప్పుడు మెడదియు నడిమిదియు కలిపి వాయించినపుడు అవి హంబకరువలె రొదను అణచును. హంబకరు నాలుగు తీగలు విడివిడిగా వచ్చునట్టిది కావలెను. వాల్యూము గుండీని పైకి లాగినచో ఒక చుట్ట మాత్రమే పలుకునట్లు అమర్చుకొనవచ్చును.

బలమైనదే మంచిదని పిల్లలు తలంతురు. అమ్మువారును అట్లే చెప్పుదురు. పికప్పు అట్టపై కిలో ఓములలో నిరోధము వ్రాసియుండును: సాధారణమైన ఒక్క చుట్టది ఆరు, పాత పద్ధతి హంబకరు ఏడెనిమిది, మిక్కిలి బలమైనవి పదునాలుగు, పదునాఱు. ఈ సంఖ్యను మార్కులవలె చదువరాదు. తీగ ఇంకను సన్ననిదైనచో చుట్లు పెరుగకయే నిరోధము పెరుగును. పైగా మిక్కిలి బలమైనది ఆంప్లిఫయరును తొందరగా బొంగురుపెట్టును. ప్రార్థనాగీతమునకు ఆ గొంతు వలదు. మధ్యమ బలము గలదానిని ఆంప్లిఫయరుచే పెంచుకొనవచ్చును. అల్నికో అయస్కాంతమా, సిరామిక్ అయస్కాంతమా అను వాదము కూడ కలదు. రెండింటను మంచివి కలవు. అయస్కాంతమొక్కటే నాదమును నిర్ణయింపదు. ఆ వాదమున నేను కాలము పుచ్చను.

గుండీల విషయము. ఒక్క చుట్టవానికి 250 కిలో ఓముల పొటెన్షియోమీటరు, హంబకరునకు 500 కిలో ఓములది వాడుక. మనకు రెండు జాతులును ఒక్క గిటారుననే ఉన్నవి. 500 వేయుదము. ఒక్క చుట్టది కొంచెము పదునైనచో టోను గుండీని త్రిప్పి తగ్గించుకొనవచ్చును. 250 వేసి పోగొట్టుకొన్న మెరుపును మరల తెచ్చు గుండీ లేదు. ఇవియు, లోపల అంటించు రాగిరేకును బెంగళూరు ఎస్.పి. రోడ్డులో దొరకును. పేరుపొందిన విదేశీ సంస్థల పికప్పుల కట్ట వెల మన గిటారు వెలకన్న హెచ్చు. అది వలదు. వెల తక్కువదైనను కొలతలు వ్రాసి అమ్మునది తీసికొనుడు. తంత్రుల నడిమి ఎడమును స్కేలుతో కొలిచి వ్రాసికొనిన పిమ్మటనే కొనవలెను.

అమర్చునపుడు పికప్పును తంత్రులకు మరీ దగ్గరగా లేపరాదు. చివరి మెట్టు నొక్కిపట్టి చూచినపుడు రెండు మూడు మిల్లీమీటర్ల ఎడముండవలెను. అయస్కాంతము దగ్గరైనచో తంత్రిని లాగి శ్రుతిని చెడగొట్టును. తప్పు శ్రుతిపెట్టువానిదని అందరు అనుకొందురు. రెండు పికప్పులు కలిపినపుడు నాదము సన్నబడి డొల్లగా వినినచో, హంబకరు నుండి వచ్చు తీగలలో ఎదురెదురువానిని మార్చి అతుకవలెను.

ఇంతవరకు చెప్పినది నాదము. ఇప్పుడు చెప్పునది ప్రాణము. తల్లిదండ్రులారా, దీనిని శ్రద్ధగా వినుడు. గిటారు తంత్రులు ఎర్తు తీగద్వారా ఆంప్లిఫయరు లోహపుపెట్టెతో కలిసియుండును. గోడ సాకెట్టునకు ఎర్తు లేకపోయినను, ఆంప్లిఫయరులో లోపమున్నను, ఆ విద్యుత్తు తంత్రులకు రావచ్చును. తంత్రులపై ఒక చేయి, మైకుపై రెండవ చేయి ఉన్న బాలునకు అది ప్రాణాపాయము. మూడు కాళ్ళ ప్లగ్గులో ఎర్తు కాలిని విరిచి వాడువారిని నేను చూచియున్నాను. మన బడిలో అట్లు చేసినవారికి గిటారు ముట్టుటకు అనుమతి ఉండదు. ఈ వేదికపై సాకెట్టు ఎర్తును పరీక్షింపించి, లోపము చేత కాపాడు ట్రిప్పు స్విచ్చు బిగించిన పిదపనే వాద్యము వేదిక ఎక్కును. పికప్పుల పద్దుకన్న ముందు ఈ పద్దునే మంజూరు చేయవలెనని సంఘమువారిని ప్రార్థించితిని, వారు అంగీకరించినారు.

వచ్చు రెండవ శనివారము మధ్యాహ్నము విజ్ఞాన ప్రయోగశాలలో పని ఆరంభింతుము. టంకము పట్టుట నేర్పుటకు ఆ విరమించిన కార్మికులే ఒప్పుకొన్నారు. ముగ్గురు ముగ్గురుగా రండు. నూలుబట్టలు కట్టుకొని రండు, టంకపుకడ్డీ తగిలిన నైలాను కరగి చర్మమున కంటుకొనును. తీసివేసిన పాత పికప్పులను పారవేయము. వానిలో ఒకదానిని విప్పి, రాగితీగ ఎంత పొడవున్నదో పదవ తరగతివారు లెక్క కట్టవలెను.