పాత అంబాసిడర్‌కు కొత్త బలం
(ఇబ్రహీంపట్నం సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

గరాజీలో పనిచేసినవాణ్ణని, అంబాసిడర్‌కు హార్స్‌పవర్ పెంచవచ్చునా అని కొందరు నన్ను అడిగారు.

కంపెనీయే పెంచింది. తొలి బండ్లలో వాల్వులు సిలిండర్ల పక్కన ఉండేవి. 1959లో వాల్వులు పైన ఉన్న 1489 సీసీ ఇంజను వేశారు. గాలి బాగా ఆడి 55 హార్స్‌పవర్ వచ్చింది. 1990ల ఆరంభంలో ఇసుజు 1.8 లీటర్ల ఇంజనుతో అది 75 అయింది. 2014లో బండి తయారీయే ఆగిపోయింది, అది వేరే సంగతి.

మనం బోరింగుకూ, హెడ్డు కోయించడానికీ గ్రాట్యుటీ డబ్బు పోయనక్కరలేదు. ముందు పోయిన బలాన్ని రాబట్టుకుందాం. ఎయిర్ ఫిల్టరు శుభ్రం చేయించండి. టాపెట్ల సందు మాన్యువల్‌లో రాసినంత, ప్లగ్గుల గ్యాపు అంగుళంలో వెయ్యింట 25 వంతులు ఉండాలి. టైమింగు చూపించండి. నాలుగు సిలిండర్లకూ కంప్రెషన్ కొలిపించండి. ఒకదానిలో బాగా తగ్గితే వాల్వో, రింగులో, గ్యాస్కెట్టో చెడినట్టు. నాలుగూ బాగుంటే ఇంజను విప్పనివ్వకండి.

పెద్ద ఇంజనే కావాలంటారా? అప్పుడు బ్రేకుల సంగతీ చూడాలి. సాగర్ రోడ్డు మీద వెనక సీట్లో మనవలుంటారు. పైగా 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఉంది. ఆర్టీఓ ఆఫీసులో అడగకుండా ఇంజను మార్పించవద్దు.

మెకానిక్కును ఫీలర్ గేజీ ఉందా అని అడగండి. కంటితో చూసి సందు చెప్పేవాడైతే బండి తిప్పుకుని వచ్చేయండి.