ఉబ్బసము నెమ్మదించిన పిదప

ఉబ్బసము గలవారికి రెండు పరీక్షలు కలవు. ఊపిరి అందక పడక మీద కూర్చుండి తెల్లవార్చు రాత్రి మొదటిది. ఊపిరి హాయిగా ఆడు దినములలో “ఇక ఈ మందు ఏల?” అని తోచుట రెండవది. మొదటిదానిని గురించి ఎల్లరును మాటలాడుదురు. నేను నేడు రెండవదానిని గురించి మనవి చేసెదను.

మన కర్నూలు, కడప సీమలలో దుమ్మునకు కొదవ లేదు. బేతంచెర్లలో బండలు కోయు చోట, ఎర్రగుంట్ల సిమెంటు కర్మాగారముల చెంత, ఆదోని ప్రత్తి మిల్లులలో, వేరుసెనగ నూర్చు కళ్ళములలో గాలి తేటగా నుండదు. గట్లమీది వయ్యారిభామ పుప్పొడి సరేసరి. ఉబ్బసపు తత్త్వము గలవారి శ్వాసనాళముల లోపలి పొర ఇట్టివానికి రేగి వాచును, చుట్టునున్న కండరములు బిగియును, గళ్ళ అడ్డుపడును. పిల్లికూతలు పుట్టుట అందువలననే.

చికిత్స రెండు విధములు. సాల్బ్యుటమాల్ వంటి మందు బిగిసిన కండరములను నిమిషములలో సడలించును, వాపును తగ్గింపజాలదు. వాపును తగ్గించునది స్టెరాయిడ్. 1949లో కార్టిజోన్ కీళ్ళవాతముపై చూపిన మహిమకు లోకము అబ్బురపడెను. కాని దీర్ఘకాలము మ్రింగిన మాత్రలు ఎముకలకు, కన్నులకు చేటు తెచ్చినవి. 1972లో బెక్లోమెథసోన్ ఇన్‌హేలర్ రూపమున వచ్చిన పిదప, మందును మైక్రోగ్రాముల కొలతతో నేరుగా శ్వాసనాళములకే అందింప వీలు కలిగెను.

అయినను హెచ్చు మోతాదు ఏండ్ల తరబడి సాగుట మంచిది కాదు. గొంతు బొంగురుపోవును, నోట తెల్లని పూత పూయును. ఎముకలకు, కన్నులకు కూడ కొంత హాని కలుగవచ్చును. కావున రోగము సుమారు మూడు మాసములు అదుపులో నుండినచో వైద్యుడు మోతాదును నాలుగవ వంతు మొదలు సగము వరకు తగ్గించి, మరి మూడు మాసములు కనిపెట్టి చూచును. రోగిని సుఖముగా నుంచగల కనిష్ఠ మోతాదును కనుగొనుటయే ఇందలి ఉద్దేశము.

మెలకువ వహింపవలసినది ఇచ్చటనే. నల్లరేగడి రైతు ఎరిగిన సంగతి యొకటి కలదు. వాన వెలిసిన మరునాడే పైరు వాడదు. నేలలోని పదును కొంతకాలము దానిని నిలుపును. స్టెరాయిడ్ ఫలమును అట్టిదే. మోతాదు తగ్గిన మొదటి వారము హాయిగా గడచినదని తానుగా మరికొంత తగ్గించువాడు, లేదా పూర్తిగా మానువాడు, పదును ఆరిన పిదప గాని పొరపాటు తెలిసికొనడు. అప్పటికి వాపు లోలోపల పెరిగి యుండును. ప్రాణము మీదికి తెచ్చుటకు ఒక్క జలుబు, ఒక్క దుమ్ముగాలి చాలును.

జలుబు చేసియున్నపుడును, ప్రయాణమునకు ముందును, గర్భవతిగా నున్నపుడును సాధారణముగా మోతాదు తగ్గింపరు. ఆషాఢపు గాలులలో, నూర్పిళ్ళ కాలములో ఆయాసము హెచ్చువారు ఆ సంగతిని వైద్యునికి ముందే చెప్పి, అనుకూలమైన మాసము నెన్నుకొనవలెను. తగ్గించిన పిదప ప్రతిదినము ఒక పుస్తకములో వ్రాసికొనుడు: రాత్రి దగ్గుతో మెలకువ వచ్చినదా? మెట్లెక్కునపుడు ఆయాసపడితినా? ఉపశమనపు ఇన్‌హేలర్ ఎన్నిమారులు వాడితిని? వారమునకు రెండుమారులకు మించి అది అవసరమైనను, నిద్ర చెడినను వైద్యుని చూడవలెను. పీక్‌ఫ్లో మీటరు గలవారు తమ శ్రేష్ఠమైన అంకెలో 80 శాతమునకు దిగువ చూపినచో హెచ్చరికగా గ్రహింపవలెను. పాత మోతాదునకు మరల పోవలసివచ్చినను చిన్నబుచ్చుకొన నక్కరలేదు.

మందు తగ్గినకొలది పీల్చు పద్ధతి ముఖ్యమగును. మీట నొక్కు ఇన్‌హేలరును కుదిపి, ఊపిరి విడిచి, నొక్కుచు నెమ్మదిగా లోతుగా పీల్చి, పది లెక్కించునంతవరకు బిగబట్టవలెను. స్పేసర్ గొట్టము తోడైనచో మరింత మేలు. పొడి మందునైతే వేగముగా పీల్చవలెను. పిదప నోరు పుక్కిలించి ఉమియుట మరువరాదు.

మృగశిర కార్తెకు హైదరాబాదు పోయి చేపమందు తీసికొనువారు మనలో కలరు. వారును ఇన్‌హేలరును మానరాదు.

ఇంటివారికొక మాట. రోగి మాట పూర్తిచేయలేకున్నను, పెదవులు నీలివర్ణము దాల్చినను, ఉపశమనపు మందు పనిచేయకున్నను తెల్లవారునని వేచియుండకుడు. 108 వాహనమును పిలువుడు. తక్కిన దినములలో, “ఇంకను మందేనా?” అని ఆ రోగిని దెప్పకుడు. ఆ రెండు పీల్పుల వలననే మీయింట అందరును రాత్రి నిదురించుచున్నారు.