సాంఘికశాస్త్రోపాధ్యాయుని స్వాధ్యాయము

(మహాసభ రెండవనాఁటి ప్రాతఃకాల సమావేశమునందు చేసిన యుపన్యాసము)



ఈ సభలో నాలుగుమాటలు చెప్పుమని కార్యదర్శిగారు నాకు వ్రాసినప్పుడు విషయమును నా యిష్టమునకే వదలిరి. ఇట్టి సభలలో విద్యనుగూర్చి మాటలాడువారు సాధారణముగా విద్యార్థివేతనములను, వసతిగృహములను, మన బాలబాలికలు పొందిన పట్టములను ముచ్చటింతురు. అవి యన్నియు వలసినవే. కాని చదువుకొను పిల్లవానినిగూర్చి యింతగాఁ దలంచు మనము, వానికి చదువు చెప్పువాని చదువునుగూర్చి యెన్నఁడైనఁ దలంచితిమా? అందులోను సాంఘికశాస్త్రము చెప్పువాని సంగతి మఱియు హీనము. గణితోపాధ్యాయుఁడు లేకున్నచోఁ దలిదండ్రులు పాఠశాలకు వచ్చి కలహింతురు. సాంఘికశాస్త్రోపాధ్యాయుఁడు లేకున్న, "అది యింట చదువుకొన్నను వచ్చును గదా" యని యూరకుందురు. ఎవరికి ఖాళీగంట యున్న వారి పాల నా పాఠము పడును.

నా పాలను అట్లే పడినది. నేను మొదట సంస్కృతము చదివినవాఁడను. పంచకావ్యములును, కౌముదిలోఁ గొంతభాగమును గురుముఖమున నభ్యసించి 1984లోఁ దెలుగుపండితుఁడనుగా నొక యున్నతపాఠశాలలోఁ బ్రవేశించితిని. సాంఘికశాస్త్రము చెప్పువారు బదిలీయై పోఁగా ప్రధానోపాధ్యాయులవారు నన్నుఁ బిలిచి, "మీరు పురాణములు చదివినవారు, చరిత్రము మీకొక లెక్కయా, శాస్త్రులుగారూ!" యని యెనిమిదవ తరగతి పుస్తకము నా చేతఁబెట్టిరి. పురాణము వేఱు, చరిత్రము వేఱు అని నాకుఁ దెలియుటకుఁ జాలకాలము పట్టినది. పిమ్మటఁ బ్రైవేటుగా చరిత్రముతో బి.ఏ. చదివి, బి.ఎడ్. ముగించి, స్కూలు అసిస్టెంటునై 2019లో విశ్రాంతి పొందువఱకు నా శాస్త్రమునే బోధించితిని.

నా యజ్ఞానమున కొక దృష్టాంతము చెప్పెదను. కాకతీయ రుద్రమదేవి 1295వఱకుఁ బరిపాలించెనని నేను చదివిన గ్రంథములలో నుండెను. పదునాలుగేండ్లు పిల్లలచే నట్లే వల్లెవేయించితిని. 1998 వేసవిలో హైదరాబాదున జరిగిన యొక శిక్షణతరగతికిఁ బోయితిని. ఆ పదిదినములలో వేదికమీఁదివారు చెప్పినది నాకొక్కటియు జ్ఞప్తిలో లేదు. వారు కాగితములు చూచి చదివిరి, మేము కాగితములమీఁద వ్రాసికొంటిమి. కాని నా ప్రక్కబల్లమీఁద నల్లగొండజిల్లా నకిరేకల్లు ప్రాంతపు మిత్రుఁ డొకఁడు కూర్చుండెడివాఁడు. ఒకనాఁటి మధ్యాహ్నము టీ త్రాగుచు, "మా చందుపట్లలో నొక శాసనమున్నది, చూచితిరా?" యని తన నోటుపుస్తకమును నా ముందుంచెను. శక 1211, విరోధి సంవత్సరము, మార్గశిరమాసము. అనఁగా క్రీ.శ. 1289 నవంబరు. రుద్రమదేవియు, ఆమె సేనాని మల్లికార్జుననాయకుఁడును శివలోకమున కేఁగిరనియు, వారికిఁ బుణ్యముగాఁ బువ్వుల ముమ్మడి యనునాతఁడు భూదానము చేసెననియు నందుఁ గలదు. పదునాలుగేండ్లు నేనొక మహారాజ్ఞికిఁ జచ్చినపిమ్మట నాఱేండ్ల యాయువు పోసితిని!

ఇంటికి వచ్చి, బడులు తెఱచినపిమ్మట నీ సంగతి తరగతిలోఁ జెప్పితిని. ఒక బాలుఁడు లేచి, "మాస్టరుగారూ, పోయినయేఁడు మా యన్నకు 1295 అని చెప్పితిరి గదా! పరీక్షలో నేది వ్రాయవలయును?" అని యడిగెను. "రెండును వ్రాసి, రెండవది యేల నమ్మఁదగినదో కారణము వ్రాయుము" అంటిని. వాఁడట్లే వ్రాసెను. ఉత్తరపత్రమును దిద్దినవా రెవరో మార్కును గొట్టివైచిరి. ఆ బాలుఁ డిప్పుడు వేఱొక జిల్లాలో నుపాధ్యాయుఁడు. కనఁబడినప్పుడెల్ల, "నా మార్కు బాకీ యున్నారు" అని నవ్వును. నాకు మాత్రము నవ్వు రాదు.

ఇంకొక చిక్కు వినుఁడు. వెనీసు యాత్రికుఁడగు మార్కోపోలో మన తీరమునకు వచ్చి, మోటుపల్లిసీమను, అచటి వజ్రములను, సన్నని వస్త్రములను వర్ణించి, యా దేశమునేలు రాణి వెనుకటి రాజునకు భార్య యని వ్రాసెను. ఆమె గణపతిదేవునికిఁ గూఁతురని శాసనములవలన మన మెఱుఁగుదుము. మఱియు నాతఁ డీ ప్రాంతమునకు వచ్చినది 1290 తరువాత నని పండితుల యూహ. అప్పటికామె లేదు. అట్లయిన నాతఁడు కన్నులార చూచి వ్రాసెనా? విని వ్రాసెనా? ఈ ప్రశ్నను తొమ్మిదవ తరగతిలో వేసితినేని గంట కొట్టినను పిల్లలు లేవరు. తేదీలు వల్లెవేయించుటకుఁ బండితుఁ డక్కఱలేదు. సాక్షిని సాక్షితోఁ బోల్చి చూచుటకు నేర్పువాఁడే చరిత్రోపాధ్యాయుఁడు. ఆ నేర్పు వానికెవరు నేర్పవలయును?

తైత్తిరీయోపనిషత్తు స్నాతకునికి స్వాధ్యాయమును, ప్రవచనమును జంటగా విధించినది. మన ప్రభుత్వములు నీ సంగతి నెఱుఁగకపోలేదు. 1986నాఁటి జాతీయ విద్యావిధానమువెంట జిల్లాకొక విద్యాశిక్షణసంస్థ, మనము డైట్ అని పిలుచునది, యేర్పడసాగెను. 2017లో 'దీక్ష' యను నంతర్జాలవేదికయు, 2019 ఆగస్టులో 'నిష్ఠ' యను శిక్షణయు వచ్చినవి. ఈ రెండవదానిని సుమారు 42 లక్షలమంది ప్రాథమికస్థాయి యుపాధ్యాయులకును, ప్రధానోపాధ్యాయులకును నుద్దేశించిరి. 2020నాఁటి విధానము ప్రతి యుపాధ్యాయుఁడును ఏటేట 50 గంటలైన నభ్యసింపవలయునని చెప్పినది. పేళ్లు చక్కనివి. సంస్కృతజ్ఞుఁడనగుటచే నాకు మఱింత యింపుగా నున్నవి. ఆచరణములో నేమగుచున్నదో చెప్పెదను. రాజధానిలో నొకనికి నేర్పుదురు. అతఁడు జిల్లావారికి, జిల్లావారు మండలమువారికి, వారు మనకు. కృష్ణకాలువ చివరిభూములవారు మీలోఁ బలువురున్నారు. తలకాలువనుండి విడిచిన నీరు చివరిచేనికెంత చేరునో మీకు నేను చెప్పనక్కఱలేదు. ఇఁక చేతిపెట్టెలోని పాఠములందురా, ఫోనులో వీడియో తన పాటికిఁ దాను నడచుచుండఁగా నింటిపని చేసికొని, కడపట నర్హతాపత్రమును దింపుకొనినవారిని నే నెఱుఁగుదును. వారిని నిందింపను. పటము గీయుట యెట్లో, శాసనము చదువుట యెట్లో, వారి యూరిచెఱువును పాఠముగాఁ జేయుట యెట్లో యా వీడియో చెప్పినయెడల వారు చూడకుందురా?

జపానుదేశమున నొక యాచారమున్నది. ఒక యుపాధ్యాయుఁడు పాఠము చెప్పుచుండఁగాఁ దోడివారు వెనుక కూర్చుండి, పాఠమును, పిల్లల ముఖములను గమనించి, పిమ్మట నందఱును గలసి చర్చింతురు. మన పాఠశాలలోఁ దరగతివెనుక నెవరైనఁ గూర్చున్న ఇన్స్పెక్షనుకు వచ్చిరని చెమటలు పట్టును. మేము నలుగురము నాదివారములందు మా యింటి యరుగుమీఁద నిట్టి ప్రయత్నము కొంతకాలము చేసితిమి. పకోడీల ఖర్చు నాది. నా యుద్యోగకాలములో నాకు లభించిన నిజమైన శిక్షణ యదియే.

ఉపకరణములు లేవందురు. ఉపకరణములు మన కాలిక్రిందనే యున్నవి. బాపట్లజిల్లా మోటుపల్లి వీరభద్రాలయమున గణపతిదేవుని యభయశాసనము గలదు. శక 1166, క్రీ.శ. 1244. తుపానులఁ జిక్కి పగిలి యొడ్డునకుఁ గొట్టుకొనివచ్చిన యోడల సరకును వెనుకటి రాజులు బలాత్కారముగా లాగికొనెడివారనియు, ప్రాణములకుఁ దెగించి సముద్రముమీఁద వచ్చు వర్తకులయెడ దయతో నియతమగు సుంకము తప్ప మఱేమియు దాము గొనమనియు నా రాజు శాసించెను. చందనమునకింత, కర్పూరమునకింత, ముత్యములకు, దంతమునకు, పట్టునకు, మిరియములకింత యని సుంకములపట్టికయు నందుఁ గలదు. ఆ సరకులు పుట్టుచోట్లను పటములో గుర్తింపుమన్న భూగోళము, సుంకము తగ్గించిన ఖజానా పెరుగునా తఱుగునా యన్న నర్థశాస్త్రము, రాజు తన చేతులను దానే కట్టుకొనుట యేమన్నఁ బౌరశాస్త్రము, తేదీ చరిత్రము. నాలుగుశాస్త్రములు నొక్క ఱాతిమీఁద నున్నవి. ఆ యూరికిఁ బది మైళ్లలో నున్న బడిపిల్లలలో నెందఱు దానిని జూచిరి?

అట్లే కైఫీయతులు. కల్నల్ మెకంజీదొర 1821లోఁ జనిపోవువఱకు గ్రామగ్రామమునకును మనుష్యులనంపి కరణముల నోటను, కవిలెలలోను నున్న వృత్తాంతములను వ్రాయించెను. ఆ పనికిఁ బ్రాణముపోసినవారు ఏలూరి కావలి సోదరులు, వేంకటబొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామిగార్లు. వీనిలోఁ గల్పితము లేకపోలేదు. ఉన్నందుననే పాఠమునకుఁ బనికివచ్చును. తెలంగాణమున లక్ష్మణరాయ పరిశోధకమండలివారు 1935లో శాసనసంపుటమును బ్రకటించిరి. సురవరము ప్రతాపరెడ్డిగారి ఆంధ్రుల సాంఘికచరిత్రము 1949లో వెలువడినది. రాజులయుద్ధములు తగ్గించి, మనవారేమి తినిరి, ఏమి కట్టిరి, ఏ యాట లాడిరి యని కావ్యములలోనుండియే వెదకి తీసిన గ్రంథమది. కావ్యము చదివినవాఁడు చరిత్రమునకుఁ బనికిరాఁడనువారి కది చాలిన ప్రత్యుత్తరము.

భారతీయ సర్వేశాఖవారి పటములలో రెండు సెంటీమీటర్లు నేలమీఁది యొక కిలోమీటరునకు సరిపోవునవి గలవు. తమ యూరిగుడియు, వాఁగును, డొంకయు నందుఁ గనఁబడఁగనే పిల్లలు వేసెడి కేక నేనెన్నఁడును మఱవను. 2011నాఁటి జనగణనపు జిల్లాపుస్తకములో గ్రామగ్రామపు జనసంఖ్యయు, సాగుభూమియు, సౌకర్యములును నున్నవి. వీని వెల మన సభలోఁ గప్పు నొక శాలువ వెలకంటె నెక్కువ కాదు. మఱియు మీలో వృద్ధులున్నారు. 1977 నవంబరు 19నాఁటి దివిసీమ యుప్పెనను జూచినవారు, 1948లో హైదరాబాదు కలిసిననాఁటి సంగతులను దలిదండ్రులనోట వినినవారు. బాలురు వచ్చి కాగితము, కలము పట్టుకొని కూర్చున్నచో మీరే గ్రంథములు.

ఇపుడొక యప్రియము చెప్పవలసియున్నది. కొన్నియేండ్లక్రిందట నొక పెద్దమనిషి నన్నుఁ బిలిచి, మన కులచరిత్రమును వ్రాయుమనియు, దానిని ఫలానా మహర్షితో నారంభించి ఫలానా రాజవంశముతోఁ గలుపుమనియు, ముద్రణవ్యయము తనదనియుఁ జెప్పెను. సంస్కృతము వచ్చును గనుక శ్లోకములను నేనే కట్టి ప్రాచీనములని చేర్చినను దోషములేదట! నేను నమస్కరించి వచ్చితిని. ఆయన యీ సభలోనే యున్నారు, నామీఁద వారికిఁ గోపము లేదని తలంచుచున్నాను. మన పూర్వులు రాజులు కాకపోయినచో మనకేమి కొఱఁత? శాసనములలో రాజులొక్కరే లేరు. దీపమునకు గొఱ్ఱెల నిచ్చినవారు, చెఱువు త్రవ్వించినవారు, సుంకమును దేవునికి విడిచిన వర్తకులు, తమ పేరనే దానముచేసిన స్త్రీలు నున్నారు. దొరికినది చెప్పుకొందము. దొరకనిది లేదందము. అబద్ధపు వంశావళి నింట విని బడికివచ్చిన బాలునికి సాక్ష్యవిచారము నేర్పఁబూనిన యుపాధ్యాయుని పాట్లు మీ రెఱుఁగరు. ఆ పిల్లవాఁడు తండ్రిని నమ్మవలయునా, ఱాతిని నమ్మవలయునా?

కావున నేనడుగునది స్వల్పము. ఏఁటేఁట ఉత్తమోపాధ్యాయులకు మనము శాలువయు, వెండిపళ్లెరమును నిచ్చుచున్నాము. ఈ యేఁటినుండి వానికి బదులు మన వసతిగృహమున వీధివైపు గదిని సాంఘికశాస్త్రోపాధ్యాయులకై విడువుఁడు. జిల్లాపటములు, శాసనసంపుటములు, జనగణనపుస్తకములు, రాజ్యాంగము తెలుగుప్రతులు, అంతర్జాలమున్న యొక కంప్యూటరు, ఇవి చాలును. ఏడాదికొక్కసారి మోటుపల్లికో, అమరావతికో పోయివచ్చుటకు బస్సుఖర్చు పెట్టుఁడు. నా పుస్తకములు సుమారు నాలుగువందలు గలవు. వానిని నేఁడే యిచ్చెదను. ఒక్క నియమము మాత్రము. ఆ గది యే కులపు టుపాధ్యాయునికైనను, ఏ బడివారికైనను తెఱచియుండవలయును. నాకు రుద్రమదేవి మరణసంవత్సరమును దిద్దిన నల్లగొండమిత్రుని కులము నేనడుగలేదు. ఈ నియమము మీకు సమ్మతము గానిచో పుస్తకములు నా యింటనే యుండును, అరుగును, పకోడీలును నెప్పటివలెనే యుండును.

సమ్మతమైనచో తాళపుచెవి వార్డెనుగారియొద్ద నుంచుఁడు. వచ్చునెల మొదటి యాదివారము ఉదయము పదిగంటలకు నేను వచ్చి బీరువా సర్దెదను. పాఠము చెప్పుటకొక యుపాధ్యాయిని యొప్పుకొన్నారు. వెనుక కూర్చుండి చూచుటకుఁ దలిదండ్రులును రావచ్చును.