వనము - జలము



మన పెద్దలు సప్తసంతానములలో తటాకమును, వనమును రెండింటిని చేర్చిరి. ఈ రెండు సంతానములకు గల బాంధవ్యము ఎట్టిదో దూరదేశపు వృత్తాంత మొకటి చక్కగా తెలుపుచున్నది.

దక్షిణ అమెరికా ఖండమున బ్రెజిలు అను దేశము కలదు. అది ఉష్ణమండలమున నున్నది. వానలకును, కలపకును, బంగారమునకును, ఇనుమునకును అచ్చట కొదవ లేదు. దాని పేరు ఒక చెట్టునుండి వచ్చినది. తూర్పుదేశములనుండి పోవు పతంగి చెక్కను ఐరోపావారు ఎఱ్ఱని అద్దకమునకు వాడుచు, దానిని బ్రెజిలు అని పిలుచుచుండిరి. 1500 సంవత్సరమున పోర్చుగీసువారు ఆ తీరమున దిగి, అట్టి రంగు నిచ్చు చెట్లను కనుగొనిరి. ఆ పేరు మొదట చెట్టునకును, పిమ్మట దేశమునకును కలిగెను. పేరిచ్చిన చెట్టునే వారు ముందుగా నఱకిరి. తరువాత చెఱకు కొఱకును, గనుల కొఱకును, కాఫీ తోటల కొఱకును అడవులు పోయెను. అట్లాంటికు తీరపు మహారణ్యములో నేడు మిగిలినది నాల్గవ వంతునకు మించదు.

నాటి రాజధాని రియో డి జనీరో. దానికి త్రాగునీరు టిజూకా కొండల సెలయేళ్లనుండి వచ్చుచుండెను. ఆ కొండలపై అడవి కొట్టి కాఫీ వేసిరి. కొన్ని యేండ్లకు వాగులు సన్నగిల్లెను. 1840వ దశకమున కఱవు వచ్చి పట్టణము నీటికి అలమటించెను. అప్పుడు ప్రభుత్వమునకు కనువిప్పు కలిగి, కొండపై భూములను క్రమముగా స్వాధీనము చేసికొనెను. రెండవ పెద్రో చక్రవర్తి కాలమున, 1861లో, అడవిని తిరిగి పెంచు పనిని మాన్యుయెల్ గోమెస్ ఆర్చరు అను నాతనికి అప్పగించిరి. పదుమూడేండ్లలో సుమారు లక్ష మొక్కలు నాటబడెను. పేరు అధికారిది, మొదట గుంటలు త్రవ్వి మొక్కలు మోసినవారు బానిసలు. ఆ దేశమున బానిసత్వము 1888లో గాని తొలగలేదు. ఈ సంగతి మఱవరాదు.

ఆ వనము నేడు నగరమధ్యమున దట్టముగా నిలిచియున్నది. 1961లో దానిని జాతీయవనముగా ప్రకటించిరి. అయినను చెట్లు వచ్చినంత సులభముగా జంతువులు రాలేదు. అగూటి యను చిన్న జంతువు గింజలను నేలలో దాచుకొని, తినక విడిచినవి మొలకెత్తుటకు కారణమగును. అది లేనిచో పెద్ద గింజల చెట్లకు సంతానవృద్ధి కుంటువడును. కావున 2010 మొదలు దానిని తెచ్చి ఆ వనమున విడిచిరి. నరుడు మొక్కను నాటగలడు. వనమును నిలుపునది పక్షిమృగాదులే.

ఆ దేశముననే అమెజాను అడవి 2004లో ఒక్క యేట ఇరువదియేడు వేల చదరపు కిలోమీటర్లకు పైగా నశించెను. ప్రభుత్వము ఉపగ్రహములతో కావలి పెట్టి, రక్షితవనములను పెంచి, అక్రమముగా నఱకినవారికి బ్యాంకు అప్పులు బిగించెను. 2012 నాటికి ఆ నష్టము అయిదు వేలకు లోపునకు దిగెను. పట్టు సడలగా 2021లో మఱల పదుమూడు వేలు దాటెను. పట్టు బిగింపగా 2024 నాటికి అందులో సగమునకు తగ్గెను. అడవి చావుబ్రతుకులు మన శ్రద్ధననుసరించి యుండునని ఈ లెక్కలే సాక్ష్యము.

గ్రామపెద్దలారా! చెఱువు గట్టు కాచినంత మాత్రమున చెఱువు నిండదు. దానికి నీరిచ్చు కొండమీది చెట్టును గూడ కాచవలెను. నేడున్న అడవిని కాచుటకు గొడ్డలి నాపిన చాలును. పోయిన దానిని తెచ్చుటకు టిజూకావలె తరములు పట్టును.